ఆయనే చెప్పాలట

ఇంటి నుంచి, మూడో అంతస్తు
జూన్ 9

బుల్లీ,

మీ అన్నయ్యకి ఏ సహాయమూ అక్కర్లేదట. సంరక్షణ కార్యాలయం వాళ్ళు ముద్ర వేసి మరీ చెప్పారు. ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. నాలుగుసార్లు చదివాను. చదివిన కొద్దీ ఒళ్ళు మండిపోతోంది.

ఆదివారం మీ కేంద్రం ఫోన్లో నీకివన్నీ చెప్పలేను. ఉన్నవి ఐదు నిమిషాలు, అవీ ఆయన పక్కనే కూర్చుని ఉండగా. నువ్వున్న కొండ మీద సెల్లుకి సిగ్నలు ఎలాగూ ఉండదు, వారానికోసారి సరుకుల బండిలో పోస్టు వస్తుందన్నావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

డిసెంబరులో నరాల డాక్టరు డిమెన్షియా అని తేల్చి చెప్పాడు కదా. "యాభై ఏడేళ్ళకే ఏమిటండీ?" అని అడిగాను. "అరుదే గానీ వస్తుందమ్మా. మందులు కొంతవరకే పనిచేస్తాయి. ఇక మీకు కావలసింది మనిషి సాయం. సంరక్షణ కార్యాలయానికి దరఖాస్తు పెట్టండి, పగటి కేంద్రంలో చోటిస్తారు" అన్నాడు. పెట్టాను. ఐదు నెలలు తిప్పించుకుని, కిందటి నెల ఇంటికి ఒకాయన్ని పంపారు. చేతిలో టాబ్లెట్టు, అందులో ప్రశ్నలు, పక్కన గళ్ళు. ఆయనకి నేను టిక్కులాయన అని పేరు పెట్టుకున్నాను.

ఆ రోజు మీ అన్నయ్యని చూడాల్సింది! ఎవరో పెద్దమనిషి ఇంటికొచ్చాడని కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. "మీరేం పని చేసేవారు?" అని అడగడమే ఆలస్యం, "లిఫ్టులండీ, ముప్ఫై ఏళ్ళు" అని మొదలుపెట్టారు. తలుపు సరిగ్గా పడకపోతే లిఫ్టు కదలకుండా ఆపే తాళం ఉంటుందట. అది ఎలా పనిచేస్తుందో ఇరవై నిమిషాలు పాఠం చెప్పారు. టిక్కులాయన నోరు తెరుచుకుని విన్నాడు.

"స్నానం మీరే చేస్తారా?" అని అడిగాడు.

"మరి మీకెవరు చేయిస్తారు?" అన్నారు మీ అన్నయ్య.

ఆయన పగలబడి నవ్వి టిక్కు పెట్టాడు. నేను మధ్యలో నోరు తెరవబోతే, "అమ్మా, ఆయన్నే చెప్పనివ్వండి. అది రోగి హక్కు" అన్నాడు. హక్కట! రోజూ స్నానాల గదిలో ఆయన్ని నిలబెట్టి, ఇది సబ్బు, ఇది ఒంటికి రాసుకోవాలి అని చెప్పేది నేను. చొక్కా మీద చొక్కా, దాని మీద ఇంకో చొక్కా తొడుక్కుంటే విప్పేది నేను. నా మాటకి గడి లేదు.

టిక్కులాయన్ని మీ అన్నయ్య గుమ్మం దాకా సాగనంపారు. తలుపు వేసి, నా వైపు తిరిగి, "మీరూ ఆ ఆఫీసేనా అండీ?" అని అడిగారు.

ఉత్తరంలో ఏం రాశారో తెలుసా? "మాట స్పష్టం. జ్ఞాపకశక్తి తృప్తికరం. సహాయం అవసరం లేదు."

మీ వదిన

* * *

వాతావరణ కేంద్రం, కొండ మీద
జూన్ 20

వదినా,

నీ ఉత్తరం చూసి మనసు కలుక్కుమంది. ఎంత అలసిపోయావో అక్షరాల్లోనే తెలుస్తోంది.

ఒకమాట అంటాను, కోపం తెచ్చుకోకు. పోయిన ఆదివారం అన్నయ్య నాతో చక్కగా మాట్లాడాడు. వర్షం ఎంత పడిందని అడిగాడు, చెప్పాను. బెలూను ఎగరేశావా అన్నాడు. చిన్నప్పుడు నేను గాలిపటం దారం తెంపుకున్న సంగతి తీసి నవ్వాడు. వాడు ముందు నుంచీ కాస్త పరధ్యానం మనిషే కదా. పెళ్ళిచూపులకి ఒక కాలికి ఒక చెప్పు, ఇంకో కాలికి ఇంకో చెప్పు వేసుకొచ్చాడని నువ్వే చెప్తుంటావు.

డాక్టరు తప్పు చెప్పాడని అనడం లేదు. నువ్వు అనుకున్నంత ముదరలేదేమో అంటున్నాను. ఆఫీసు వాళ్ళు కూడా రోజూ ఇలాంటివి వంద చూస్తారు. నెమ్మదిగా ఇంకోసారి అడిగి చూడు, అరవకుండా. నీకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ సంగతి నీకూ తెలుసు.

ఇక్కడ రోజుకి నాలుగుసార్లు కొలతలు తీసి పంపాలి. నేనూ ఇంకొక ఉద్యోగీ తప్ప వేరే మనిషి లేరు. లేకపోతే రెక్కలు కట్టుకుని వాలేదాన్ని.

నీ
బుల్లి

* * *

కుట్టుపని కార్ఖానా నుంచి, భోజన విరామంలో
జూలై 14

బుల్లీ,

అరవకుండా అడగమన్నావు. విను మరి, అరవకుండానే చెప్తాను.

మొన్న మంగళవారం నేనిక్కడ నర్సుల యూనిఫాంలకి బట్ట కత్తిరిస్తున్నాను. పైనింటావిడ ఫోన్ చేసింది. మీ అన్నయ్య ఇంట్లోంచి బయటపడి, మా బిల్డింగు పైకప్పు మీదున్న లిఫ్టు గదిలోకి వెళ్ళారు. కరెంటు మెయిన్ ఆపేశారు. "పని జరుగుతోంది" అని అట్టముక్క మీద రాసి కింద తగిలించారు. లిఫ్టు లోపల ఇద్దరు ఇరుక్కుపోయారు, సంగీతం టీచరూ ఆవిడ తల్లీ. మీ అన్నయ్య రెండో అంతస్తులో తలుపు దగ్గర కూర్చుని, "కంగారు పడకండమ్మా, నేనున్నాను, ఐదు నిమిషాలు" అని ధైర్యం చెప్తున్నారు. నలభై నిమిషాలు చెప్పారు. ఎందుకంటే తిరిగి ఎలా వెయ్యాలో ఆయనకి గుర్తు లేదు.

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి కంపెనీ నుంచి వచ్చినవాళ్ళు తలుపు తీస్తున్నారు. వాళ్ళలో ఒకతను మీ అన్నయ్య దగ్గర పని నేర్చుకున్నవాడే. తల దించుకున్నాడు, నా మొహం చూడలేకపోయాడు. ఆ ముసలావిడకి గుండె ఆగితే ఎవరు జవాబు చెప్పేవాళ్ళు? "సహాయం అవసరం లేదు" అని ముద్ర కొట్టినవాళ్ళా?

మర్నాడు సెలవు పెట్టి ఆయన్ని వెంటబెట్టుకుని కార్యాలయానికి వెళ్ళాను. వృద్ధుల విభాగంలో, "అరవై నిండాలమ్మా, ఈయనకి మూడేళ్ళు తక్కువ" అన్నారు. అరవై నిండే దాకా జబ్బుని బయట కూర్చోమని చెప్పాలి కాబోలు. వికలాంగుల విభాగానికి పొమ్మన్నారు. అక్కడామె ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయిగా" అంది. మానసిక ఆరోగ్యం గదికి పంపింది. వాళ్ళు ఫైలు తిరగేసి, "ఇది నరాల జబ్బు, మాది కాదు" అన్నారు. తిరిగి తిరిగి మొదటి కిటికీ దగ్గరికే వచ్చాం. అప్పటికి మీ అన్నయ్య ప్యాంటు తడిసిపోయింది. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు జరిగి కూర్చున్నారు. కిటికీలో ఉన్న మనిషి మాత్రం, "లంచ్ తర్వాత రండి" అన్నాడు.

అప్పుడు అరిచాను. అవును, అరిచాను. నా కోపం ముక్కు మీద ఉంటుందన్నావు కదా, ఆ రోజు అది హాలంతా వినిపించింది.

ఒక్క మంచి మాట కూడా ఉంది. మందుల షాపులో ఒక చిన్న కాగితం అంటించి ఉంది: "మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళ కుటుంబాలు శనివారం నాలుగు గంటలకి లైబ్రరీ వెనక గదిలో కలుస్తాయి." వెళ్ళాను. పదకొండు మంది ఉన్నారు. నడిపేది బస్సు కండక్టరుగా రిటైరైన ఒకావిడ. అందరూ కండక్టరమ్మా అంటారు. తొమ్మిదేళ్ళు భర్తని చూసుకుందట. నా గోడు అంతా విని, "ఆ రోజు మీ ఆయన నటించలేదమ్మా. బయటి మనిషి కనిపిస్తే ఉన్న సత్తువంతా కూడదీసుకుంటారు. మా ఆయనా అంతే. వచ్చినాయన వెళ్ళాక రెండు రోజులు లేవలేదు" అంది.

ఏం చెయ్యాలో కూడా చెప్పింది. వారం రోజులు గంట గంటకీ ఆయనకి ఏ పని ఎవరు చేయించారో రాసిపెట్టాలి. అధికారికి మంచి రోజు కాదు, చెడ్డ రోజు సంగతి చెప్పాలి. తిరస్కరించిన కాగితంతో పాటు టిక్కుల జాబితా కాపీ అడిగి తీసుకోవాలి. తొంభై రోజుల్లోపు అప్పీలు పెడితే ముగ్గురు కూర్చుని మళ్ళీ వినాలి, అది రూలు. అరవై నిండనివాళ్ళకి కూడా పగటి కేంద్రంలో చోటివ్వొచ్చని ఇంకో రూలు ఉందట. కిటికీల్లో కూర్చున్న ముగ్గురిలో ఒక్కరికీ అది తెలియదు, తెలిసినా చెప్పలేదు.

మెలిక ఒక్కటే. అప్పీలు కాగితంలో "రోగి స్వంత వాంగ్మూలం" అని ఒక పేజీ ఉంది. తన ఇబ్బంది ఏమిటో ఆయనే చెప్పాలట. గుర్తులేదనే సంగతి గుర్తున్నవాళ్ళకే సాయం అన్నమాట! కూర్చోబెట్టి అడిగాను. "నాకేం ఇబ్బంది? నేను బాగానే ఉన్నాను" అన్నారు. పేజీ ఖాళీగా ఉంది.

నువ్వు ఒకసారి వచ్చి నీ కళ్ళతో చూడు. ఆ తర్వాత ముదరలేదని చెప్పు.

మీ వదిన

* * *

వాతావరణ కేంద్రం
ఆగస్టు 8

వదినా,

వచ్చి మూడు రోజులుండి, నీ మొహం సరిగ్గా చూడకుండానే వెళ్ళిపోయాను. బస్టాండులో "ఏమిటే అంత మౌనం?" అని అడిగావు. చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఫోన్లో ఐదు నిమిషాలు నన్ను నవ్వించే అన్నయ్య, ఎదురుగా వస్తే నన్ను ఇన్‌స్పెక్టరనుకున్నాడు. లేచి నిలబడి, "రికార్డులన్నీ సరిగ్గానే ఉన్నాయి మేడం" అన్నాడు. నేను వాడి చెల్లెల్నని చెప్తే మర్యాదగా తలూపాడు. నువ్వు వంటింట్లో ఉన్నావు, చూడలేదు. ఆ మూడు రోజులూ నేను అబద్ధాలకోరుననే అనుకున్నాను, వదినా. ఎందుకంటే నేను అబద్ధాలకోరునే.

నాకు ముందే తెలుసు. రెండేళ్ళ నుంచి తెలుసు.

వాడింకా ఉద్యోగంలో ఉండగా నాకొక ఉత్తరం రాశాడు. ఇంతకాలం పెట్టె అడుగున దాచాను. దాన్నే ఇందులో పెడుతున్నాను. నువ్వు కవరు తెరిచి ముందు అదే చదువుతావని తెలుసు, అయినా నా చేత్తో కూడా రాస్తాను. ఆ శిక్ష నాకు ఉండాలి.

"బుల్లీ, మీ వదినకి చెప్పకు. టైము చూసుకుని నేనే చెప్తాను. నిన్న ఒక బిల్డింగులో కంట్రోలు పెట్టె తెరిచాను. తీగలు చూస్తే ఏది దేనికో తెలియలేదు. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్న తీగలు. పది నిమిషాలు అలాగే నిలబడ్డాను. వాచ్‌మన్ అడిగితే పార్టు తేవాలని అబద్ధం చెప్పి మెట్లు దిగి వచ్చేశాను. ఇది మొదటిసారి కాదు. నా లిఫ్టుల్లో పిల్లలెక్కుతారు, ముసలివాళ్ళెక్కుతారు. నాకు చాలా భయంగా ఉంది. ఇంటికి దారి కూడా రెండుసార్లు తప్పాను. నన్ను ఎవరైనా అడిగితే బాగానే ఉన్నానంటాను, అది నా అలవాటు. అలా అంటే నమ్మకు."

అది చదివి మరుసటి ఆదివారం ఫోన్ చేశాను. వాడు నవ్వి, "ఏదో తలనొప్పిలో రాశాను, వదిలెయ్" అన్నాడు. నమ్మకు అని రాసినవాణ్ణి నేను నమ్మాను. నమ్మితే నాకు సుఖంగా ఉంటుంది కాబట్టి నమ్మాను. నువ్వు జూన్‌లో రాసినప్పుడు కూడా, ఈ సంగతి బయటపెడితే రెండేళ్ళు ఏం చేశావని అడుగుతావని భయపడి, నీకే కోపమెక్కువని రాశాను.

నీ వాంగ్మూలం పేజీ ఖాళీగా ఉందన్నావు. ఇది వాడి చేతిరాతే. పనికొస్తుందేమో చూడు.

బుల్లి

* * *

ఇంటి నుంచి
ఆగస్టు 17

అమ్మాయికి,

ఉత్తరం అందింది. ఆయన ఉత్తరం.

రెండేళ్ళు. అంత భయం లోపల పెట్టుకుని ఆయన ఈ ఇంట్లోనే, నా పక్కనే తిరిగారు. పనిలో అజాగ్రత్త అని కంపెనీ వాళ్ళు తీసేస్తే నేనేం చేశానో తెలుసా? తిట్టాను. "సోమరితనం పెరిగింది మీకు" అన్నాను. నీళ్ళ పంపు వదిలేస్తే తిట్టాను. చెప్పిందే చెప్తే విసుక్కున్నాను. జబ్బని తెలిస్తే ఒక్క మాట అనేదాన్ని కాదు. ఆ మాటలు వెనక్కి తీసుకోవాలంటే ఇప్పుడు ఆయనకి అవి గుర్తులేవు. నాకు గుర్తున్నాయి.

అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ కలిసి నన్ను పరాయిదాన్ని చేశారు. వదినకి చెప్పకు అన్నాడని చెప్పలేదట! నీ కొండ మీద గాలి ఎటు వీస్తోందో రోజుకి నాలుగుసార్లు లోకానికంతా చెప్తావు. ఈ ఇంట్లో ఏం జరగబోతోందో ఒక్కసారి చెప్పడానికి నీకు చెయ్యి రాలేదు.

రాసి, చింపేద్దామనుకున్నాను. చింపను. చదువు.

నేనూ ఒకటి దాచాను. లిఫ్టు ఆపిన రోజు ఆయన తలుపు తీసుకుని వెళ్ళలేదు. నేను బయట తాళం వేసి పనికి వెళ్ళాను. అప్పటికి మూడు వారాలుగా అలాగే వేసి వెళ్తున్నాను. మా సూపర్‌వైజరు ఇంకో సెలవు పెడితే వేరే మనిషిని చూసుకుంటానంది. ఆయన లోపలి నుంచి తలుపు బందుల మరలన్నీ విప్పి, వరసగా గట్టు మీద పేర్చి వెళ్ళారు. మనిషిని గదిలో పెట్టి తాళం వెయ్యడం కన్నా నాకు ఈ ఊళ్ళో వేరే దారి చూపించినవాడు ఒక్కడూ లేడు. అయినా వేసింది నా చెయ్యే.

ఆ ఉత్తరం కాపీ తీయించి అప్పీలుకి జతపరిచాను. వాంగ్మూలం పేజీలో "జతచేసిన ఉత్తరం చూడగలరు" అని రాశాను. కండక్టరమ్మ చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నువ్వు జవాబు రాయనక్కర్లేదు.

వదిన

* * *

వాతావరణ కేంద్రం
సెప్టెంబరు 2

వదినా,

రాయనక్కర్లేదన్నావు. రాయకుండా ఊరుకుని ఒకసారి చేసిన తప్పు చాలు.

క్షమించమని అడగను. విచారణలో ఈ ఉత్తరం నాకే వచ్చిందని, తేదీ నిజమేనని సాక్ష్యం కావాలంటే సంతకం చేసి ఇందులో పంపిస్తున్నాను. రెండేళ్ళు దాచానని కూడా అందులోనే రాశాను. ఒక నెల సెలవుకి దరఖాస్తు పెట్టాను, నా బదులు పై ఆఫీసు నుంచి ఎవరో ఒకరు రావాలి. నువ్వు తాళం వేశావని చదివి నిన్ను ఒక్క మాట అనుకోలేదు. ఆ తాళం కప్పలో సగం నాది.

బుల్లి

* * *

ఇంటి నుంచి
అక్టోబరు 11

బుల్లీ,

కిందటి వారం విచారణ అయింది.

పొడుగు బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో ఒక పెద్దావిడ, అటు ఒక డాక్టరు, ఇటు మన టిక్కులాయన. ఇవతల మేమిద్దరం, మా వెనక కండక్టరమ్మ. వారం రోజుల రాతలు ఇచ్చాను. పెద్దావిడ చదువుతుంటే టిక్కులాయన, "నేను వెళ్ళినప్పుడు మాత్రం చాలా బాగా మాట్లాడారండీ" అన్నాడు.

"మీరున్నది నలభై నిమిషాలండీ. వారానికి ఎన్ని నలభై నిమిషాలో మీ టాబ్లెట్టులో లెక్కేసి చూడండి" అన్నాను. కండక్టరమ్మ వెనక నుంచి నా చీర కొంగు లాగింది.

"రోగి స్వయంగా ఏమంటారో వినాలి కదా. అది రూలు" అన్నాడాయన.

పెద్దావిడ ఫైల్లోంచి ఉత్తరం తీసింది. అది ఆయనకి ఇస్తారని నేననుకోలేదు. "ఇది ఒకసారి చూస్తారా?" అని మీ అన్నయ్య చేతికి ఇచ్చింది. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కొక్క పంక్తీ చదివారు. చాలాసేపు పట్టింది.

చదివి కాగితం బల్ల మీద పెట్టి, "ఎవరండీ ఈ మెకానిక్కు? మా కంపెనీయేనా?" అని అడిగారు.

పెద్దావిడ ఉత్తరాన్ని తన వైపు లాక్కుంది.

"పాపం, బాగా భయపడిపోయాడు. ఇలాంటిది ఒక్కడే మొయ్యకూడదండీ. వెంటనే ఇంట్లో చెప్పమనండి. ఎవరైనా సాయం చెయ్యండి ఇతనికి" అన్నారు. మళ్ళీ ఏదో ఆలోచించి, "ఇతనికి ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అన్నారు.

"నేనున్నానండీ" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు.

నా వైపు చూశారు. "అయితే ఫర్వాలేదు" అన్నారు.

టిక్కులాయన టాబ్లెట్టు మూసి పక్కన పెట్టాడు. డాక్టరు గొంతు సవరించుకుని, ఇంక అడగాల్సింది ఏమీ లేదన్నాడు. వారానికి నాలుగు రోజులు పగటి కేంద్రం, ఉదయాలు స్నానం చేయించడానికి ఒక మనిషి, నేను ఒళ్ళు తెలియకుండా పడిపోతే ఆయన్ని రాత్రీపగలూ కేంద్రంలోనే ఉంచుకోవడానికి ఏడాదికి రెండు వారాలు. కాగితం అక్కడే చేతికిచ్చారు.

సంతోషించాలి కదా? లేచి వస్తుంటే పెద్దావిడ మంచిగానే అంది: "ఈ ఉత్తరం మొదటే పెట్టి ఉంటే ఇంత ఆలస్యం అయ్యేది కాదమ్మా."

నాకు మళ్ళీ మండింది. "ఉత్తరం రాసిపెట్టుకోని వాళ్ళ సంగతేంటండీ? మా లైబ్రరీ గదిలో ఇంకా తొమ్మిది మంది ఖాళీ పేజీలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ మనుషులకి చదువే రాదు కొందరికి. జబ్బు రాకముందే వాంగ్మూలం రాసుకోమని ఊళ్ళో దండోరా వేయిస్తారా?" అన్నాను. ఈసారి కండక్టరమ్మ కొంగు లాగలేదు. ఆ పేజీ తీసెయ్యాలని అందరం సంతకాలు పెట్టి పిటిషను ఇచ్చాం. పరిశీలిస్తామన్నారు. వచ్చే గురువారం నేనూ కండక్టరమ్మా వెళ్ళి ఎంతవరకు పరిశీలించారో పరిశీలిస్తాం.

మీ అన్నయ్య పగటి కేంద్రానికి వెళ్ళొచ్చారు. మొదటిరోజు గేటు దగ్గర నా చెయ్యి వదలలేదు. రెండో రోజు వదిలారు. వదిలినందుకు నాకు ఏడుపొచ్చింది, అదేం బుద్ధో. కార్ఖానాలో పూర్తిగా ఎనిమిది గంటలు బట్ట మీద కళ్ళు పెట్టి పని చేశాను. మధ్యలో ఒక్కసారి కూడా ఫోను చూడలేదు.

సెలవు దొరికిందని రాశావుగా, ఆ కాగితం ఇవాళే అందింది. రా. నీ మీద కోపం పోలేదు, ఉత్తరాల్లో పోయేది కాదు కూడా. ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టాల్సింది చాలా ఉంది. నువ్వు నా తిట్లు తింటూ మీ అన్నయ్యకి అన్నం తినిపించు. నేను ఆ పూట కాస్త నడుం వాలుస్తాను.

వదిన